బాల్కనీ కోసం మోసిన నీళ్లు

వరంగల్ బజారులో చంద్రమౌళి అంటే ఎవరికీ తెలియదు. మబ్బుల మౌళి అంటే చిన్నపిల్లలు కూడా స్టీలు సామాన్ల దుకాణం చూపిస్తారు. గిరాకి చెంబు ధర అడిగితే గంగాళం ధర చెప్పి, గంగాళం అడిగితే పైకి చూస్తూ కూర్చునే మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. అయితే పాపం, పైకి చూసినా ఆయనకు కనిపించేది ఆకాశం కాదు, దుకాణం కప్పుకు వేలాడే బిందెలు.

ఇంటికి పోతే అక్కడా అంతే. వాళ్లు బక్కమ్మ ఇంట్లో వెనక గదులు కిరాయికి తీసుకున్నారు. బక్కమ్మ పేరుకే బక్కమ్మ. ఆమె వాకిట్లో నిలబడిందంటే ఆ పూటకి వీళ్ల గదిలోకి వెలుతురు లేనట్టే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గోడలు చూసి చూసి మౌళికి ఒక్కటే కోరిక మిగిలింది. తనదంటూ ఒక ఇల్లు, దానికి ఒక బాల్కనీ, అందులో ఒక పడక కుర్చీ, ఎదురుగా బోలెడంత ఆకాశం.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో ఆయన భార్య సుగుణ చిట్టీ ఎత్తింది. కొత్త ఇల్లు కట్టేంత డబ్బు కాదది. పాత ఫ్లాటు అయితే కొనొచ్చు. ఆ రోజుల్లో వరంగల్లో, హనుమకొండలో ఫ్లాట్లే తక్కువ, అందులో పాతవి ఇంకా తక్కువ. నెల రోజులు తిరిగితే వీళ్ల చిట్టీకి అందేవి రెండే తేలాయి.

ఒకటి నక్కలగుట్టలో, మూడో అంతస్తు. అత్తరు దుకాణం ఖాజా మొహినుద్దీన్‌ది. మోకాళ్లు మెట్లకు మొరాయిస్తున్నాయని అమ్మేసి, స్టేషన్ ఘన్‌పూర్‌లో అన్న దగ్గరికి పోతున్నాడు. రెండోది కొత్తవాడలో, కింది అంతస్తు. జంపఖానాలు నేయించే వెంకటేశ్వర్లుది. రెండు పంపులు, బట్టలుతికే బండ, పగలంతా మగ్గాల చప్పుడు. హాలుకు మాత్రం కిటికీ లేదు.

మౌళి నక్కలగుట్ట ఫ్లాటు చూసి వచ్చిన రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"చెరువు కనబడుతది సుగుణా! వడ్డేపల్లి చెరువు మొత్తం!"

"పంపుల నీళ్లొస్తయా?"

"చెరువు కనబడుతదంటే నీళ్లు అంటవేంది?"

"కనబడే నీళ్లతోని బియ్యం కడుగుతరా?"

"పొద్దుగూకేటప్పుడు బాల్కనీల కూసుంటే, ఇటు చెరువు, అటు గుట్ట, దూరంగ కాజీపేటకు పోయే రైలు..."

"నేను కింద బావి కాడ చేంతాడు పట్టుకొని నిలవడ్త. మీ రైలుకు నేను కూడ కనబడుత."

మౌళికి కోపం వచ్చింది గాని, ఆయన కోపం కూడా మబ్బులాంటిదే, కురవకుండానే పోతుంది. పైగా సుగుణ అన్నది నిజం. ధర్మసాగర్ చెరువు నుంచి అంత దూరం వచ్చిన నీళ్లు ఆ పాత గొట్టాల్లో రెండో అంతస్తు దాకా వచ్చి అలిసిపోతాయి. పై ఫ్లాటు పంపులకు డాబా మీది సిమెంటు తొట్టే దిక్కు. ఆ తొట్టిలో నీళ్లు పడి ఎన్నాళ్లయిందో ఖాజా భాయ్‌కే గుర్తు లేదు.

మూడు రాత్రులు ఆలోచించి మౌళి ఒక ఉపాయం పన్నాడు. సుగుణ చూడ్డానికి వచ్చిన రోజు ఆ తొట్టి నిండుగా ఉంటే? పంపు తిప్పగానే ధార పడితే? తర్వాత సంగతి తర్వాత.

"సేటూ, నేను అబద్ధమాడ," అన్నాడు ఖాజా మొహినుద్దీన్ గడ్డం నిమురుకుంటూ. "అడిగితే ఉన్నది చెప్త. అడగకుంటే చెప్ప."

"అది చాలు భాయ్. అడిగే అవసరం రాకుండ నేను చూసుకుంట. మీరు జర పంపు తిప్పి చూపిస్తె చాలు."

"తొట్టిల నీళ్లెవరు పోస్తరు?"

"నేనే."

ఖాజా మొహినుద్దీన్ ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. ఏళ్ల తరబడి అత్తరు అమ్మి రకరకాల మనుషుల్ని చూశాడు గాని, తాను కొనబోయే ఇంటికి తానే నీళ్లు మోసి తన పెళ్లాన్నే మోసం చేస్తానన్న మనిషిని ఎన్నడూ చూడలేదు. "సరే, మీ ఇష్టం," అని నిట్టూర్చాడు.

పొద్దుపోయాక ఇంటికొచ్చి మౌళి చాలా పెద్దమనిషిలా మాట్లాడాడు. "రేపు దుకాణంల పెండ్లి గిరాకి ఉన్నది. నువ్వొక్కదానివే పొయ్యి నక్కలగుట్ట ఇల్లు చూసిరా. నాకు నచ్చిందని నీ మీద రుద్దుతనా?"

సుగుణ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "ఎంత మంచోళ్లు," అంది. ఆ మాట మౌళికి రాత్రంతా తియ్యగా వినిపిస్తూనే ఉంది.

మర్నాడు దుకాణం మూసి, కొత్త స్టీలు బిందెలు రెండు తీసుకుని, లుంగీ కట్టి, ముఖం కనిపించకుండా తలకు తువ్వాలు చుట్టి, మౌళి పొద్దున్నే నక్కలగుట్ట చేరాడు. వెనక వాకిట్లో చేదబావి. బావి పక్కనుంచి డాబా దాకా ఇనప మెట్లు, మెలికలు తిరుగుతూ పోతాయి. చేదడం, భుజానికెత్తడం, మెట్లెక్కడం, తొట్టిలో పోయడం. ఇంత పని ఆయన పెళ్లయ్యాక ఎన్నడూ చేయలేదు, పెళ్లికి ముందూ చేయలేదు. అయినా తొట్టి నిండేసరికి ఆయన గుండె కూడా నిండింది. తొట్టి పక్కనే చతికిలబడి, బాల్కనీలో పడక కుర్చీ ఏ మూలన వేయాలా అని ఊహించుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక సుగుణ వచ్చింది. మౌళి డాబా మీద నక్కి చెవులు రిక్కించాడు. కింద పంపు తిప్పిన చప్పుడు, ఆ వెంటనే ధార పడిన చప్పుడు.

"అబ్బ, ఏం ధార!" అంది సుగుణ. డాబా మీద మౌళి ఆనందంతో కళ్లు మూసుకున్నాడు.

"ఆపా," అని సుగుణ గొంతు మళ్లీ వినిపించింది, ఖాజా భార్య అజ్మత్ బీతో. "గీ జంపఖానా ఉతకక ఎన్నేండ్లాయె?"

"నీళ్లేడివి చెల్లె..." అని నాలుక కరుచుకుని, "అదే, తీరికేడిది," అంది అజ్మత్ బీ.

"ఇప్పుడు తీరికే గద. ఇంత మంచి నీళ్లున్నయ్. పట్టుండ్రి, ఇద్దరం ఉతుకుదం."

మౌళి కళ్లు తెరిచాడు. ఉతకబోయేది హాలంత పొడవున్న కొత్తవాడ జంపఖానా. అది తడవడానికే సగం తొట్టి తాగుతుంది. సబ్బు వదలడానికి మిగతా సగం. ఆయన కళ్లముందే తొట్టిలో నీళ్లు గుడగుడమంటూ దిగిపోసాగాయి. బిందెలు ఎత్తుకుని కిందికి పరుగెత్తాడు.

జంపఖానా అయ్యాక పరదాలు పడ్డాయి. పరదాలయ్యాక దుప్పట్లు. "వంటిల్లు కూడ కడుగుదం ఆపా, నీళ్లు ఆగుతనే లేవు," అంటోంది సుగుణ హుషారుగా. ఆగడం లేదు మరి. ఆగితే తన బాల్కనీ ఆగిపోతుందని మౌళి ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు.

ఇంతలో, పొద్దున గంటసేపు తప్ప పంపు రాని కింది ఫ్లాటు సారలమ్మకు ఎలాగో తెలిసింది, పై ఇంట్లో పంపు వస్తోందని. ఆమె బిందె పట్టుకుని ముందు మెట్ల మీదుగా ఎక్కింది. ఆమె వెనక పూలమ్మ. పూలమ్మ వెనక ఆ బిల్డింగులో ఆడవాళ్లందరూ. మౌళి వెనక మెట్ల మీదుగా పైకి మోసిన నీళ్లను వాళ్లు ముందు మెట్ల మీదుగా కిందికి మోసుకుపోసాగారు. పక్కనే బావి ఉండగా కింది అంతస్తు నీళ్లు డాబా దాకా వెళ్లి రావడం ఆ బిల్డింగు పుట్టాక అదే మొదలు.

వంటింటి కిటికీ ఆ ఇనప మెట్ల పక్కనే ఉంది. మౌళి తువ్వాలు ముక్కు దాకా లాక్కుని ఆ కిటికీ దాటుతుంటే లోపల్నుంచి మాటలు వినిపించాయి.

"ఎవరాపా ఆయన?"

"కొత్త భిస్తీ చెల్లె. నీళ్లు మోస్తడు."

"జీతమెంత?"

"జీతం గీతం ఏం లేదు. షౌక్‌తోని మోస్తాండు."

"అయ్యో పాపం, కాళ్లు వణుకుతానయ్. జర మజ్జిగన్న ఇద్దం." కిటికీ ఊచల మధ్య నుంచి గాజుల చెయ్యి ఒకటి గ్లాసు చాపింది. మౌళి ముఖం పక్కకు తిప్పి, తువ్వాలు సందులోంచి గటగటా తాగి, గ్లాసు తిరిగిచ్చి పరుగు తీశాడు. గుర్తుపట్టలేదు కదా అని లోలోపల తన తెలివికి మురిసిపోయాడు కూడా.

సాయంత్రమైంది. వడ్డేపల్లి చెరువు మీద ఎండ పసుపుగా మారి, కాసేపటికి ఎర్రబడింది. ఎక్కడో కాజీపేట వైపు రైలు కూత వేసుకుంటూ పోయింది. ఆయన ఇన్నాళ్లూ కలలు కన్నదంతా అక్కడ, ఆయన వెనకే ఉంది. ఆయన మాత్రం బావిలోకి వంగి, చేద ఎప్పుడు పైకి వస్తుందా అని చూస్తున్నాడు.

ఇంటికి చేరాక ఆయన చాప మీద బోర్లా పడ్డాడు. సుగుణ నూనె వేడి చేసి తెచ్చి, ఎందుకని అడగకుండా భుజాలు రుద్దడం మొదలుపెట్టింది.

"పెండ్లి గిరాకి బాగ వచ్చినట్టుంది?"

"ఊఁ... గంగాళాలు... ఎత్తి దించుడు..."

"ఒక మాట చెప్పాల్నా? నాకు నక్కలగుట్ట ఇల్లే నచ్చింది. మనం అదే కొందం."

ఈ మాట నిన్న అని ఉంటే మౌళి ఎగిరి గంతేసేవాడు. ఇవాళ గంతేసే కాళ్లు లేవు. ఆయన కళ్లముందు ఆ మెలికల మెట్లు గిర్రున తిరిగాయి. రోజూ. పొద్దున్నా సాయంత్రమూ. బతికినన్నాళ్లూ.

"జర ఆలోచించు సుగుణా. అంత మీద గాలెక్కువ. జలుబు చేస్తది."

"గాలి కోసమే గద మీరు కలవరించింది?"

"చెరువు కూడ... రోజూ చూస్తే ఏముంటది? నీళ్లే గద."

"మరి రైలు?"

"రైలుకేంది, టేషనుకు పోతే దగ్గర్నుంచి కనబడుతది. కొత్తవాడ ఇల్లే మంచిగున్నది. రెండు పంపులు!"

"హాలుకు కిటికీ లేదంటిరి? ఊపిరాడదంటిరి? మగ్గాల చప్పుడుకు చెవులు పోతయంటిరి?"

"చప్పుడుంటే దొంగలు రారు. నా మాట విను, నీకు దండం పెడత."

సుగుణ చాలాసేపు ఒప్పుకోలేదు. బాల్కనీలో తులసి కుండీ పెట్టుకుందామనుకున్నానంది. ఆ గాలి మళ్లీ దొరకదంది. మౌళి బతిమాలగా బతిమాలగా చివరికి మెత్తబడి, "సరే, మీరింత అడుగుతాన్రు కాబట్టి. కని రేపు మీరే పొయ్యి వెంకటేశ్వర్లును అడగాలె. నేను పోను," అంది. బతికించావు తల్లీ అనుకుని మౌళి అట్లాగే నిద్రపోయాడు.

మర్నాడు కుంటుకుంటూ కొత్తవాడ చేరి, వెంకటేశ్వర్లు ముందు ఆ ఫ్లాటును ఆకాశానికెత్తాడు. పంపులను పొగిడాడు, బండను పొగిడాడు, మగ్గాల చప్పుడు వింటుంటే హాయిగా ఉందన్నాడు. తనకు తప్ప ఇంకెవరికీ అమ్మొద్దన్నాడు.

వెంకటేశ్వర్లు నోరు తెరుచుకుని విన్నాడు. "అదేంది సేటూ? అక్క మొన్ననే బయానా పైసలు ఇచ్చిపాయె గద!"

"ఏ అక్క?"

"మీ ఇంటామె. నక్కలగుట్ట అజ్మత్ ఆపాతోని కలిసి వచ్చింది. ఆ ఖాజా సాబ్ ఆపా దగ్గర ఏదీ దాచడట గద, ఆపానే పొయ్యి అక్కకు అంతా చెప్పిందట. 'మా ఆయన తనంత తానే వచ్చి అడుగుతడు, అందాక చెప్పకు' అన్నది. మరి అడిగిండ్రు గద, ఇగ చెప్తే తప్పేం లేదు." వెంకటేశ్వర్లు సంతోషంగా నవ్వాడు. "ఆపా వాళ్ల ఇంటికి కూడ బేరం కుదిరిందట. ఎవరో లెక్చరర్, పెండ్లి కాలేదట. నీళ్లతోని పెద్ద పని లేదట."

మౌళి గడప మీద కూలబడ్డాడు. మజ్జిగ గుర్తొచ్చింది. ఏమీ అడగకుండా రాసిన నూనె గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

"లోపలికి రాండ్రి సేటూ, ఒకటి చూపియ్యాలె," అని వెంకటేశ్వర్లు హాల్లోకి తీసుకెళ్లాడు. వెనక గోడ మీద ఎవరో సుద్దతో పెద్ద చదరం గీసి ఉంచారు. దాదాపు గోడలో సగం ఉంది.

"గిదేంది?"

"అక్కనే గీసింది. 'మా ఆయన చిన్నప్పట్నుంచి గోడలే చూసిండు, ఆయనకు ఆకాశం కావాలె, ఇక్కడ ఇంత కిటికీ పెట్టిస్తెనే కొంట, లేకుంటే నా బయానా నాకియ్యి' అని పట్టువట్టింది. పొద్దుగూకే దిక్కు ఎటో నన్నడిగి మరీ గీసింది. గోడ అవతల మా రంగుల నూలు ఆరేసే జాగ. దాని మీద అంతా ఖాళీయే. వచ్చే వారం పగలగొట్టిస్త."

మౌళి మూడు రాత్రులు ఆలోచించింది ఆమెను మోసం చేయడం ఎలాగని. ఆమె ఆలోచించింది ఆయన ఆకాశం ఎటు వైపు ఉంటుందని. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక, అక్కడున్న పాత స్టూలు లాక్కుని ఆ సుద్ద చదరం ఎదురుగా కూర్చున్నాడు.

గోడ గోడలాగే ఉంది. మౌళి మాత్రం కన్నార్పకుండా చూస్తున్నాడు. దండేల మీద ఎర్ర నూలు, పచ్చ నూలు, నీలం నూలు గాలికి ఊగుతున్నాయి. వాటి పైన మబ్బులు ఒక్కొక్కటే రంగు మారుతూ పోతున్నాయి. వెనక వంటింట్లోంచి సుగుణ ఏదో అంటోంది, ఈయన ఊఁ కొడుతున్నాడు.

వెంకటేశ్వర్లు కాసేపు చూసి, కంగారుపడి, వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. "సేటూ, పానం మంచిగున్నదా? ఇంకా గోడ పగలగొట్టనే లేదు. ఏం కనబడుతాంది మీకు?"

"అంతా కనబడుతాంది తమ్మీ," అన్నాడు మౌళి. "నువ్వు జర అడ్డం తప్పుకో."