నోరు మూసిన గురువర్యుడు, లేచిన బొడిపె

అది మధ్యాహ్నభోజనానంతరమున నిద్రాదేవి సకలోద్యోగిలోకమును జయించిన వేళ. అది ఏసీ హోరుకు గాజుసీసాలు గజగజలాడు ప్రయోగశాలామధ్యము. అచ్చట, ఉప్పునీట తప్ప బ్రతకనొల్లని లవణప్రియ సూక్ష్మజీవకోటిని కంటికి రెప్పవలె పెంచిన ధీరురాలు, ఒక పరిశోధక విద్యార్థిని, పరారుణకాంతితో పదార్థములను పసిగట్టు స్పెక్ట్రోమీటరనెడి మహాయంత్రమునకు ఎదురు నిలిచెను.

ఉప్పు పెరిగినకొలది ఆ జీవులు తమ దేహములలో ఒక రక్షక పదార్థమును కూడబెట్టుకొనునని ఆమె వాదము. అది నిజమైనచో పరారుణకాంతి గీయు గీతపై ఒక చిన్న బొడిపె లేవవలెను. సాయంకాలమునకు యంత్రము మరమ్మతుకు పోవును. బొడిపె లేవనిచో థీసిస్‌లో ఒక అధ్యాయమే గల్లంతు.

మరి శత్రువెవరు? ఆవిరి! యంత్రమునుండి తేమను తరుము పొడిగాలి సిలిండరు ఖాళీయైనందున, యంత్రము చెంత ఎవరు ఊపిరి విడిచినను ఆ తేమ గీతపై ముళ్లకంచెవలె మొలిచి, సరిగ్గా బొడిపె ఉండవలసిన చోటునే కప్పుచుండెను. కావున ఆ వీరాంగన, ఎండబెట్టిన సూక్ష్మజీవుల చుక్కను యంత్రపు స్ఫటికముపై నిలిపి, ఊపిరి బిగబట్టెను.

అంతలో ఉపన్యాసప్రచండుడు, అనర్గళవాగ్ధారాధురంధరుడు అగు ఆమె గురువర్యుడు విచ్చేసి, యంత్రముపైకి వంగి, మేఘగంభీరస్వరమున ఇట్లు గర్జించెను:

"ఏమ్మా, వచ్చిందా?"

గీతపై ముళ్లు భగ్గున లేచెను.

"సార్, కొంచెం ఇటు జరుగుతారా?"

"ఎందుకమ్మా, ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తోంది. అసలు ఉప్పంటే ఏమనుకున్నావు? ప్రాణికోటికే అగ్నిపరీక్ష! అందులో నెగ్గిన వీరులమ్మా ఇవి!"

ముళ్లు అడవియయ్యెను. అకటా, ఏమి ధర్మసంకటము! ఊరుకొన్నచో అధ్యాయము పోవును. ఊరుకొమ్మన్నచో, థీసిస్‌పై సంతకము పెట్టవలసినవాడు ఆయనే. ఆమెకు ఏడుపు వచ్చినంత పనియయ్యెను.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను! కాసేపు నోరు మూసుకోండి!"

ఏసీ సైతము ఒక్క క్షణము జంకినట్లు తోచెను. గురువర్యుడు తెరచిన నోటితోనే గీతను చూచెను; ఆ నోరు టప్పున మూతపడెను. బుగ్గలు బెలూన్లవలె పొంగెను, ముఖము ఎర్రబారెను. ఓపలేనప్పుడెల్ల ఆ మహానుభావుడు గోడవైపు పరుగెత్తి, ఒక గుక్క పీల్చి, బుద్ధిగా తిరిగివచ్చుచుండెను.

ముళ్లు ఒక్కొక్కటే నేలకూలెను. తక్కువ ఉప్పులో పెరిగినవాటిని ఉదయము కొలిచినపుడు బోడిగానున్న చోట, ఎక్కువ ఉప్పులో పెరిగినవాటికి బొడిపె లేచెను!

గురువర్యుడు అరచేయి అడ్డము పెట్టుకొని గొణిగెను: "ఇప్పుడు మాట్లాడొచ్చామ్మా?"

ఇంకొక చుక్క మిగిలియున్నదని ఆమె వ్రేలు చూపెను. ఆయన మరల బుగ్గలు పొంగించెను.

ఇట్లు వెంట్రుకవాసి ఎత్తుగల ఆ బొడిపె మహోదయమును కన్నులారగాంచిన విజయశాలిని, ముల్లోకములు దద్దరిల్ల జయజయధ్వానము చేయనెంచి నోరు తెరచి, గీతవైపొకమారు చూచి, మనసులోనే చేసికొనెను.