వెనక కారులో బ్రేకు

ఏడింటికి బయల్దేరాలి, ఎనిమిదింటికల్లా నది దాటాలి, చీకటి పడేలోగా నెబ్రాస్కా దాటేయాలి. ఆర్విడ్ టోలెఫ్‌సన్ ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఏర్పాటు ఇది. తీరా పొద్దున్న లేచి చూస్తే మిస్సోరీ నది మీంచి లేచిన పొగమంచు క్యాంపు మొత్తాన్నీ మింగి కూర్చుంది. పక్క బండి లేదు, చెట్లు లేవు, తన సొంత మోటార్‌హోమ్‌కి వెనక సగం కూడా లేదు. "ఏం ఫరవాలేదు, ఎండొస్తే అదే పోతుంది" అన్నాడు ఆర్విడ్. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఆ మాట నమ్మి లావోన్ చాలాసార్లు తడిసింది.

చలికాలం అరిజోనాలో గడపాలన్నది ఆర్విడ్ కోరిక. ఉత్తర డకోటా మంచు చాలు, ఇక ఎండలో కూర్చుందామని రెండేళ్ళు బతిమాలితే లావోన్ ఈ ఏడు సరేనంది. ముప్ఫై ఆరడుగుల ఇల్లు చక్రాల మీద పోతుంటే, దిగిన చోట పాలడబ్బా తెచ్చుకోవడానికి చిన్న కారొకటి వెంట ఉండాలి. ఆ కారు దగ్గరే వచ్చింది పేచీ అంతా.

అది సెల్మర్ బ్రెక్కీ గారి కారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళో స్కూలు బస్సు నడిపాడు. నిరుడు కిరాణా దుకాణం ముందు ఈ కారులోనే, డ్రైవరు సీట్లోనే, బెల్టు పెట్టుకుని, తెల్ల టోపీతో, కాలు బ్రేకు మీద ఉండగానే కన్నుమూశాడు. గంటసేపు ఎవరూ గమనించలేదు. వచ్చేపోయేవాళ్ళు, ఆర్విడ్‌తో సహా, చెయ్యి ఊపి, ఆయన తిరిగి ఊపలేదని మొహం మాడ్చుకుని పోయారు. ఆయన భార్య ఏడాదిపాటు ఆ కారు వంక చూడకుండా గడిపి, చివరికి ఆర్విడ్‌కి అంటగట్టింది.

ఆ పొద్దున్న ఇనప కడ్డీతో కారుని మోటార్‌హోమ్ వెనక తగిలించి ఆర్విడ్ నాలుగడుగులు ముందుకి పోనిచ్చాడు. వెనక నుంచుని చూస్తున్న లావోన్ కెవ్వుమంది.

"ఆర్విడ్! స్టీరింగు దానంతటదే తిరుగుతోంది!"

"లాగుతుంటే తిరక్క ఏం చేస్తుంది? ముందు చక్రాలు తిరిగితే స్టీరింగూ తిరుగుతుంది. అది సైన్సు."

"సైన్సు కాదు, సెల్మర్! మొదట్నించీ మొత్తుకుంటున్నాను, ట్రైలర్ కొనమని. ట్రైలర్ మీదెక్కించి కట్టేస్తే అది సామాను. సామాను నోరు మూసుకుని పడుంటుంది. నాలుగు చక్రాలూ నేలమీదుంటే అదీ మనతోపాటు నడుస్తున్నట్టేగా? మరెవరు నడుపుతున్నట్టు?"

"ట్రైలరంటే అదో బరువు. ఎక్కించు, దించు, కట్టు, విప్పు. దిగిన చోట దాన్నెక్కడ పెట్టుకుంటావు, నెత్తిమీదా? దీనికైతే కడ్డీకున్న రెండు పిన్నులు పీకితే సరి."

లావోన్ చేతులు కట్టుకుంది. "చెప్తున్నా విను. ఇవాళ ఈ కారుతో ఏ ఒక్క తేడా వచ్చినా ఆ పిన్నులు నేనే పీకి, దాంట్లోనే మైనాట్‌లో మా అక్క దగ్గరికి పోతాను. నువ్వూ నీ బస్సూ అరిజోనా వెళ్ళి ఎండలో ఆరండి."

ఆర్విడ్ నవ్వేశాడు గానీ, ఆ పిన్నుల్ని మరోసారి లోపలికి నొక్కి చూసుకున్నాడు. లావోన్ పదిసార్లు అన్నది ఒక్కసారీ చెయ్యదు. ఒక్కసారి అన్నది మాత్రం చేసి తీరుతుంది.

దారిలో మాటా మాటా పెరిగింది. పదో మైలు దగ్గర మంచులో మలుపు కనబడక ఆర్విడ్ బండిని గట్టిగా తిప్పాడు. వెనక కెమెరా బొమ్మలో ఖాళీ కారు స్టీరింగు గిర్రున తిరగడం లావోన్ చూసింది. "ఇదే ఆ తేడా" అంది. "ఇది తేడా ఎలా అవుతుంది, మలుపు!" అని ఆర్విడ్ అరిచాడు. ఆవిడ లేచి వెళ్ళి పడకగది తలుపు ధడాలున వేసుకుంది.

రోడ్డు పక్కన మరుగుదొడ్లున్న చోట ఆర్విడ్ బండి ఆపాడు. పని ముగించుకుని, కాఫీ కప్పు పట్టుకుని వచ్చేసరికి పడకగది తలుపు వేసే ఉంది. మామూలుగా అయితే బయల్దేరే ముందు లావోన్ వాకీటాకీ పట్టుకుని కారు వెనక నుంచుంటుంది. "ఎడమ లైటు వెలిగింది, కుడి లైటు వెలిగింది, పద" అంటేనే ఆర్విడ్ కదలాలి. అదీ వాళ్ళ కట్టుబాటు. ఇప్పుడు ఆవిణ్ణి పిలవాలంటే ముందు తప్పయిందని చెప్పుకోవాలి. ఆ పని చెయ్యడానికి ఆర్విడ్‌కి నోరు రాలేదు. తన వాకీటాకీని సీట్లోకి గిరాటేసి, తనూ కూలబడి బండి కదిలించేశాడు.

రెండు మైళ్ళు బాగానే సాగింది. మూడో మైలులో బండి బరువెక్కినట్టనిపించి ఆర్విడ్ కెమెరా బొమ్మ వంక చూశాడు. బూడిదరంగు మంచులో కారు వెంటే వస్తోంది. డ్రైవరు సీటు ఖాళీగా లేదు.

అందులో తెల్లగా ఏదో కూర్చుని ఉంది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మంచు కమ్మి బొమ్మంతా తెల్లబడింది. తేరుకునేసరికి ఆ తెల్లటి ఆకారం ముందుకి వంగి అద్దానికి దగ్గరగా వచ్చింది. మెల్లగా చెయ్యి పైకెత్తింది. కిరాణా దుకాణం ముందు తను ఊపిన చెయ్యికి సెల్మర్ ఏడాది ఆలస్యంగా జవాబిస్తున్నాడనిపించి ఆర్విడ్ వెనక్కి తిరిగి కేకేశాడు.

"లావోన్! ఒకసారి ఇలా రావే!"

పడకగదిలోంచి ఉలుకూ పలుకూ లేదు. అలిగింది. అలిగితే ఆవిడ ఇంతే.

అంతలో ఎవరో తోక పట్టుకున్నట్టు బండి వెనక్కి గుంజింది. ఆర్విడ్ యాక్సిలరేటరు తొక్కాడు. అది మళ్ళీ గుంజింది. బతికున్నన్నాళ్ళూ సెల్మర్ బండి నడిపే తీరు అంతే, ముప్ఫయ్యేళ్ళూ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు మహానుభావుడు. కాసేపటికి మాడు వాసన మొదలైంది. ఆ మంచులో కారు హెడ్‌లైట్లు రెండూ పసుప్పచ్చగా వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగాయి. ఆపుదామంటే ధైర్యం చాలలేదు. ఆపితే ఆయన దిగి వస్తాడు కదా!

ఒక పెద్ద లారీ పక్కకొచ్చింది. దాని డ్రైవరు మొదట వెనక కారులోకి తొంగిచూశాడు. తర్వాత ఆర్విడ్ వంక చూశాడు. మొహం పాలిపోయి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఒక్క ఊపున ముందుకుపోయి మంచులో కలిసిపోయాడు.

దాంతో ఆర్విడ్‌కి ఉన్న కాస్త ధైర్యమూ ఆవిరైపోయింది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే మూసిన తలుపుకి వినబడేలా మొదలుపెట్టాడు.

"లావోన్, నువ్వన్నదే నిజం. సెల్మర్ వచ్చాడు. తలుపు తియ్యకపోతే పోనీ, విను. ట్రైలర్ వద్దన్నది బరువు కోసం కాదే. ట్రైలరుంటే క్యాంపులో అందరి ముందూ వెనక్కి తియ్యాలి. నావల్ల కాదు. మెడ తిరగడం లేదు, ఎడమ కంటికి సగం మసక. కిందటి నెల పక్క పొలం వాళ్ళ ట్రైలర్ అడిగి తెచ్చి చూశాను. గంటసేపు అవస్థపడి వాళ్ళ కంచె కూల్చాను. దున్నపోతు కూల్చిందని చెప్పాను." కాసేపాగి మళ్ళీ అందుకున్నాడు. "ఈ కడ్డీతో లాగితే వెనక్కి తియ్యమని ఎవరూ అడగరు. కడ్డీ వంగిపోతుంది కాబట్టి ఎవరూ తియ్యరు. అదీ సంగతి. నువ్వు మీ అక్క దగ్గరికి పోతానన్నావు చూడు, ఈ దయ్యం కన్నా దానికే ఎక్కువ భయంగా ఉంది నాకు. నువ్వు లేకుండా అరిజోనా వెళ్ళి ఏం చేసుకోను? తిట్టేవాళ్ళు లేకపోతే నాకు కాఫీ కూడా దిగదే."

తలుపు పలకలేదు. వెనక మాత్రం గుంజుడు ఆగిపోయింది. దానికి ఆర్విడ్ ఇంకా హడలిపోయాడు.

ఇరవై రెండో మైలు దగ్గర ఎరుపు, నీలం లైట్లు వెనకనించి వచ్చి పక్కన వెలిగాయి. ఆర్విడ్ బండి ఆపి దిగాడు. మంచులోంచి ఒక పోలీసు అమ్మాయి నడిచొచ్చింది.

"సార్, మీ వెనక కారులో మనిషి ఉన్నట్టు మీకు తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాడు ఆర్విడ్. "ఆయన పోయి ఏడాదైంది."

ఆ అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది. అదే సమయానికి కారు తలుపు కిర్రుమంది. నిలువెల్లా తెల్లటి ఆకారం ఒకటి దిగి వాళ్ళవైపే రాసాగింది. ఆర్విడ్ పోలీసు అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. ఆ అమ్మాయి కూడా వదిలించుకోలేదు.

"బ్రేకు తొక్కీ తొక్కీ నా మోకాళ్ళు అరిగిపోయాయి, చెవిటి మాలోకమా!" అంది ఆకారం. ఒంటికి చుట్టుకున్న దుప్పటి తీసింది. లావోన్. ఒక చేతిలో సంచీ, రెండో చేతిలో వాకీటాకీ.

ఆర్విడ్ ఆ వాకీటాకీ వంక వేలు చూపించాడు. "పిలవొచ్చుగా, అది చేతిలో ఉండగా!"

"నువ్వు నీ వాకీటాకీ మీద కూర్చున్నావు, మహారాజా! నీ మీట నొక్కుకుపోయి ఉంటే నేను పిలిస్తే ఎలా వినబడుతుంది? నీ సోదంతా నాకు వినబడింది. దున్నపోతు దాకా."

పోలీసు అమ్మాయి గొంతు సవరించుకుంది. "లాక్కెళ్ళే బండిలో మనుషులు కూర్చోకూడదమ్మా. అసలెందుకు ఎక్కారు?"

"ఈయన్ని వదిలేసి పోదామని" అంది లావోన్. "పిన్ను రాలేదు. చలికి దుప్పటి చుట్టుకుని, ఏడుద్దామని లోపల కూర్చున్నాను. ఈయన బయల్దేరిపోయాడు."

ఆర్విడ్ తల దించుకున్నాడు. మంచు తడి కళ్ళజోడు మీంచి కారుతుంటే తుడుచుకోలేదు. "ట్రైలర్ కొంటానే" అన్నాడు మెల్లగా. "ఇవాళే కొంటాను. వెనక్కి తియ్యలేక నలుగురూ నవ్వితే నవ్వనీ."

"ఏం అక్కర్లేదు. ట్రైలర్ మీద కూర్చుని బ్రేకు తొక్కితే ఎవడికి తెలుస్తుంది? నలభై ఒక్కేళ్ళుగా తొక్కుతున్నాను. నీకు తగిలింది ఇవాళే. కడ్డీయే ఉండనీ." సంచీ తెచ్చి ఆర్విడ్ చేతిలో పెట్టింది. "ఇది లోపల పెట్టు. అరిజోనా దాకా నేను నడుపుతాను."

ఆర్విడ్ ఆ సంచీని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. కాస్త తేరుకున్నాక, "అయినా ఆ హెడ్‌లైట్లు అలా వేసి ఆర్పుతూ నా ప్రాణం తీశావు కదే!" అన్నాడు.

"ఏ హెడ్‌లైట్లు? నేను బ్రేకు తప్ప దేన్నీ ముట్టుకోలేదు."

వాటి ఫ్యూజు పొద్దున్నే ఆర్విడ్ తనే పీకి జేబులో వేసుకున్నాడు. తడిమి చూసుకుంటే అక్కడే ఉంది. ముగ్గురూ కారు వంక చూశారు. మంచులో అది కదలకుండా నుంచుంది, ఇంజను వేడికో దేనికో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. ఇంజను అసలు వేసిందే లేదని ఎవరూ పైకి అనలేదు.

"సెల్మర్ కూడా ఓ చెయ్యి వేసినట్టున్నాడు" అంది లావోన్ చివరికి. "పోయినవాడైనా ఆ మాత్రం సాయం చేశాడు. నువ్వూ ఉన్నావు, దేనికి!"

పోలీసు అమ్మాయి గబగబా ఫారం నింపింది. "డ్రైవరు" అన్న గడి దగ్గర కలం ఆపి, ఆర్విడ్‌ని చూసి, కారుని చూసి, లావోన్ పేరు రాసుకుంది.