పెరుమాళ్ నుదుటి మీద కింటిల్లస్

ఆ ఆదివారం చెంగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి ఇడ్లీ, ఎనిమిదిన్నరకు తిరువొత్తియూరు స్టేషన్లో రైలు, పదింటికి ఎగ్మూరులో నాణేల సంఘం సమావేశం. అక్కడ జేబులోంచి ఒక కాసు తీసి బల్ల మీద పెట్టాలి. నోరు మెదపకూడదు. హేమచంద్ర ముఖం చూడాలి. అంతే.

హేమచంద్ర సినిమాలకు శబ్దం కలిపే పెద్ద టెక్నీషియన్. రోమ్ చక్రవర్తుల నాణేలు ఒక్కరూ తప్పకుండా వరసగా పోగేయాలని ఆయన పంతం. వెండివీ బంగారువీ వేలంలో కొంటాడు. చెంగయ్య బల్ల మీద పెట్టే రాగిముక్కల్ని చూసి పదకొండేళ్లుగా ఒకటే మాట: "ఏంటండీ, ఈ నెల ఏం వాషర్లు తెచ్చారు?" చెంగయ్య ముప్పయ్యేళ్లు లేత్ మెషీను మీద పనిచేసినవాడు, పాతికేళ్లు యూనియన్ కార్యదర్శి. వాషర్ అంటే ఏమిటో హేమచంద్రకన్నా అతనికే బాగా తెలుసు. అందుకే ఆ మాట అంత మండేది.

నాణేలు పోగేసేవాళ్లలో డబ్బుతో కొనేవాళ్లున్నారు, కళ్లతో కొనేవాళ్లున్నారు. చెంగయ్యకు కళ్లే గతి. ఊళ్లోనే ఉన్న ప్యారిస్ బజారులో ఒక వ్యాపారి దగ్గర మట్టి పట్టి ముఖం తెలియని రోమ్ కాసులు గుప్పెడు లెక్కన దొరుకుతాయి. వాటిని తెచ్చి బ్యాటరీలో పోసే శుద్ధి చేసిన నీళ్లలో వారాల తరబడి నానబెడతాడు. నిమ్మముల్లుతో మట్టి గీకుతాడు. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటాడు. గొప్ప చక్రవర్తులంటే అతనికి గిట్టదు. నాలుగు రోజులు ఏలి ఊడిపోయినవాళ్లే కావాలి. జీతాల్లో తేడా వస్తే సైనికులు చక్రవర్తినే పీకి పారేసిన రోజులవి, అంతకన్నా గట్టి సమ్మె భూమ్మీద జరగలేదని అతని వాదన.

అలా ఊడిపోయినవాళ్లలో కింటిల్లస్ ఒకడు. పట్టుమని ఆరు నెలలు ఏలలేదు. పదిహేడు రోజులే అనేవాళ్లూ ఉన్నారు. పదకొండేళ్లు గుప్పెళ్లకు గుప్పెళ్లు నానబెట్టినా అతను తేలలేదు. శనివారం సాయంత్రం తేలాడు. కిరణాల కిరీటం, పొట్టి గడ్డం, అంచు చుట్టూ ఎనిమిది అక్షరాలు స్పష్టంగా. చెంగయ్య భూతద్దం కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. కాసును ఆరడానికి పాత పేపరు మీద పెట్టి, వెళ్లి పడుకున్నాడు.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పేపరుంది, కాసు లేదు.

"మే, పుష్పా! ఈడ పేపర్ మింద కాసుండె. యాడ?"

పక్కింట్లో డప్పు మొదలైంది. భార్య పుష్పవల్లి కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి వచ్చింది. "పెరుమాళ్ మామ పోయినాడు. కల్యాణ చావు. ఎనభై ఆరేండ్లు, నిద్రలోనే పోయినాడు, ఒక నొప్పి లే, ఒక ఆస్పత్రి లే."

"పావం. కాసు యాడ?"

"అదే చెప్తా ఉండా. మామ నుదుట పెట్టేదానికి ఒంటి రూపాయి కావాలంటిరి. వీధంతా వెతికినారు, ఒకరి కాడా కాసు లే. అందురూ ఫోన్లోనే గదా ఇచ్చేది? మూల అంగట్లో కూడా లే. కాసులుండేది చెంగయ్య ఇంట్లోనే అనిరి. తీసి ఇస్తి."

చెంగయ్య పేపరు ఎత్తి కింద వెతికాడు. "ఏది తీసి ఇస్తివి?"

"ఆల్బంలో ఉండేవి అట్టల్లో పెట్టి పిన్నులు కొట్టుకోనుండావు. తాకితే కరుస్తావు. పేపర్ మింద ఉండేది ఎట్లా అరిగిపోయినదే, సుమ్మా ఊరికే పడుంది గదా అని…"

ఇడ్లీలూ రైలూ వదిలేసి చెంగయ్య పక్కింటికి పరుగెత్తాడు. పోయేముందు ఆల్బంలోంచి ఒక కాన్‌స్టాంటైన్‌ను పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు. కాన్‌స్టాంటైన్ గొప్పవాడే, కానీ గుప్పెడుకు ముగ్గురు దొరుకుతారు. చెంగయ్య దగ్గర పంతొమ్మిది మంది ఉన్నారు. ఒక చక్రవర్తిని తీసి ఇంకో చక్రవర్తిని పెడితే చచ్చినాయనకు వచ్చే నష్టమేమీ లేదు.

పెరుమాళ్‌ను వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టారు. నుదుటి మీద పసుపుముద్ద, దాని నడుమ కింటిల్లస్. పదిహేడు వందల యేళ్ల తర్వాత మళ్లీ కిరీటం పెట్టుకుని వెలిగిపోతున్నాడు. చెంగయ్య శవం మీదికి వంగాడు. గుప్పిట నుదుటి దగ్గరికి వెళ్లింది. అంతలో పెరుమాళ్ పెద్ద కొడుకు కిట్టు వెనకనుంచి వచ్చి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"అన్నా! వచ్చినావా! ఆరేండ్ల పగ మరిచిపోయి వచ్చినావా!"

సంగతేమిటంటే, మురుగు కాలవ తగాదాలో ఆ రెండిళ్ల మధ్య ఆరేళ్లుగా మాటల్లేవు. ఆడవాళ్లు గోడ మీదినుంచి మాట్లాడుకునేవాళ్లు, మగవాళ్లు మూతులు తిప్పుకునేవాళ్లు. అలాంటి చెంగయ్య కండువా అయినా లేకుండా, తడి తలతో పరుగెత్తుకొచ్చి శవం మీద పడిపోవడం వీధంతా చూసింది. ఏడుపు ఒక్కసారిగా రెండింతలైంది.

"పోయేముందు కూడా నాయన నీ పేరే చెప్పినాడన్నా!"

"ఏమన్నాడు?"

"కాలవ మూయొద్దని చెప్పమన్నాడు."

చెంగయ్యకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారణం కింటిల్లస్సే, అయినా కన్నీళ్ల మీద పేరు రాసుండదు కదా! ఇంత ప్రేమున్న మనిషి వెనక నడవడం ధర్మం కాదని నలుగురూ తీర్మానించి, పాడె ముందుకొమ్ము అతని భుజం మీద పెట్టేశారు. ఇక చేతికి నుదురు అందే దారి లేదు. గుప్పిట్లో కాన్‌స్టాంటైన్ చెమట పట్టి జారిపోతున్నాడు.

కల్యాణ చావు కాబట్టి ఊరేగింపు పెళ్లిలా జోరుగా సాగింది. డప్పులు, టపాకాయలు, ముందు పదిమంది చిందులు. దరువు పెరిగినకొద్దీ పాడె ఎగురుతోంది. పాడె ఎగిరినప్పుడల్లా చెంగయ్య గుండె ఎగురుతోంది.

"మెల్లిగాప్పా! తల అదరకుండా! రేయ్, నుదురు చూడండ్రా, నుదురు!"

"చూడు, ఎంత పాసమో, ఎంత ప్రేమో!" అని రోడ్డు పక్కన ఒకామె ముక్కు చీదింది.

శ్మశానంలో కాటిపని చేసేది అమ్మాసి. తాతల కాలం నుంచి ఆ కుటుంబానిదే ఆ పని. కట్టెలు పేర్చేదీ అతనే, చివరిదాకా నిలబడి కాల్చేదీ అతనే. ఊరు ఆ కుటుంబానికి ఇచ్చిన మర్యాద ఏమిటంటే శవం నుదుటి మీది కాసు. మిగతా కూలికి గోడ మీద ఫోన్‌తో డబ్బు పంపే స్టిక్కరు కూడా అతికించాడు. నుదుటి కాసు మాత్రం ఫోన్లో రాదు. అతను పసుపుముద్దలోంచి కింటిల్లస్‌ను పీకి, లుంగీకి రుద్ది, ఎండకు పెట్టి చూశాడు. ముఖం మారిపోయింది.

"ఏంది సామీ ఇది? మా తాతకి అణా పెట్టినారు, మా నాయనకి పావలా పెట్టినారు. తక్కువని ఏనాడూ అడగలా. చెల్లని కాసు మాత్రం ఎవురూ పెట్టలా. కాల్చేవోడు గదా, వీడికేం తెలుసు అనుకుంటిరా?"

కిట్టు తమ్ముడి మీదికి తిరిగాడు. "కాసు తెచ్చింది నువ్వే గదరా!"

తమ్ముడు చిన్నప్ప గొంతు పెంచాడు. "నేనేం చేసేది? పుష్పక్క ఇచ్చె! కాలవ తగాదా కడుపులో పెట్టుకోని చెల్లని కాసు ఇచ్చుండాది! శవానికి కూడా మోసమా?"

అందరి కళ్లూ చెంగయ్య మీదికి తిరిగాయి. తమ్ముడి చేతిలో అప్పటికే కట్టె ఉంది. చెంగయ్య నోరు మూసుకుని ఒక వంద నోటు బదులిచ్చి, ఆ డొక్కు కాసు ఇటివ్వమని అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అమ్మాసి దాన్ని అప్పుడే పారేయబోయాడు కూడా. కానీ భార్యను మోసగత్తె అన్నారు. పాతికేళ్లు గేటు ముందు మైకు పట్టిన గొంతు ఊరుకుంటుందా?

"ఎవుర్రా మోసం అనింది? ఇది డొక్కు కాసు కాదు! రోమ్ రాజ్యం కాసు! కింటిల్లస్ అని చక్రవర్తి! మీ నాయన నుదుట మా ఇంటిది చక్రవర్తిని పెట్టిందిరా!"

"ఎవురు నమ్మేది?" అన్నాడు చిన్నప్ప.

చెంగయ్య ఫోను తీశాడు. కాసుకు ఫోటో తీసి పంపి, హేమచంద్రకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాడు. అవతల సమావేశం గోల. ఆ గోలలోంచి హేమచంద్ర గొంతు.

"చెంగయ్యగారూ… ఇది కింటిల్లస్సండీ! అసలైందేనండీ! నా వరసలో ఆ ఒక్క చోటే ఖాళీగా ఉంది. ఎక్కడున్నారు మీరు? ధర మీరే చెప్పండి, ఇప్పుడే బయల్దేరుతున్నా."

డప్పులు ఆగిపోయాయి. పుష్పవల్లి పరువు దక్కింది. మిగతాదంతా ఆ క్షణంలోనే పోయింది.

"నాయన నుదుట ఉండె గాబట్టి అది నాయనదే. పెద్దోణ్ని నేను," అన్నాడు కిట్టు.

"సగం నాది," అన్నాడు చిన్నప్ప, కట్టె కింద పడేసి.

అమ్మాసి గుప్పిట మూసుకుని చెంగయ్యనే చూశాడు. "అన్నా, యూనియన్‌లో ఎన్ని పంచాయితీలు చేసినావు. నువ్వే చెప్పు. నుదుటి కాసు ఎవురిది?"

చెంగయ్య ఆ గుప్పిట వంక చూశాడు. పదకొండేళ్లు దాంట్లో ఉన్నాయి. పుష్ప తెలియక ఇచ్చింది, నాది నాకిచ్చేయండి అంటే కాదనేవాళ్లు ఎవరూ లేరు. బోనస్ పొరపాటున ఎక్కువిచ్చాం, తిరిగి కట్టండి అన్న మేనేజ్‌మెంటు మీద పంతొమ్మిది రోజులు సమ్మె నడిపింది తనే. ఇచ్చింది ఇచ్చిందే, చేసినవాడి చేతికి వచ్చింది వాడిదే అని ఎండలో నిలబడి అరిచింది తనే. ఈ నోటితో ఇంకో మాట ఎలా వస్తుంది?

"పని చేసినోడిది," అన్నాడు. "అమ్మాసిది. ఎవుడన్నా తాకితే చూడండి."

చితి సగం కాలేసరికి హేమచంద్ర కారు శ్మశానం గేటు ముందు ఆగింది. కాసు యజమాని అమ్మాసి అని తెలిసి ఆయన చిన్నగా నవ్వి, పర్సు తీసి, కొన్ని నోట్లు చాచాడు. "తీసుకోవయ్యా, సంతోషంగా ఉండు."

ఆ నవ్వు చూడగానే చెంగయ్యకు ఒళ్లు మండింది. అమ్మాసి చెయ్యి చాచబోతే ఆపి, ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏం సార్, వాషరుకి ఇంత ఇస్తారా?"

"అది కాదండీ…"

"మీ వరసలో ఖాళీ ఇదొక్కటే. మావోడికి తొందరేమీ లే, వాడి కాడికి అందురూ వచ్చేదే. మీరు కూడా నిదానంగా రావచ్చు."

అరగంట బేరం నడిచింది. చెంగయ్య అంత బాగా ఏ మేనేజ్‌మెంటుతోనూ మాట్లాడలేదు. చివరికి ధర చెంగయ్య కలలో కూడా అనుకోనిచోట ఆగింది, అమ్మాసి ఇంటికి కొత్త రేకులు వేయించుకునేటంత. డబ్బు లెక్కపెట్టేటప్పుడు హేమచంద్ర ముఖం చూడవలసిందే. చెంగయ్య చూశాడు కూడా. కారు వెళ్లిపోయాక అతను కట్టెల మీద కూలబడితే, అమ్మాసి టీ తెచ్చి చేతికిచ్చాడు.

"అన్నా, ఆ కాసు నీకు కావాల్సిందా?"

"లేదప్పా," అన్నాడు చెంగయ్య. జీవితంలో అతను మేనేజ్‌మెంటుకు తప్ప వేరెవరికైనా అబద్ధం చెప్పింది అప్పుడే.

సోమవారం పొద్దున చెంగయ్య లేచేసరికి ఇంట్లో సందడి. ఇన్నాళ్లూ అతని కాసుల్ని తుప్పు అన్న వీధి ఆడవాళ్లు నలుగురు, ఆల్బం చుట్టూ చేరి కూర్చున్నారు. పుష్పవల్లి ఒక్కొక్క పేజీ తిప్పి గర్వంగా చూపిస్తోంది. మధ్యలో మూడో ఇంటి పంకజం, ఎనభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు పైకెత్తుకుని వంగి చూస్తోంది.

"ఏందిమే ఇది?" అన్నాడు చెంగయ్య.

జవాబు పంకజం చెప్పింది. "కాలవ తగాదా మనిషికే రాజుని పెట్టినారంట, కారేసుకోని వచ్చి చూసినారంట. నలభై ఏండ్లుగా నీకు ఊరగాయ పెడతా ఉండా, నేను పోయినాక నాకు ఒట్టి రూపాయి పెడతావా? ఈడొద్దు పుష్పా, మొండిముక్కోడు. ఆ గడ్డం ఉండేవోణ్ని చూపీ."

ఆ గడ్డంవాడు ఫ్లోరియన్. మూడు నెలలు కూడా ఏలనివాడు. అతని కోసం చెంగయ్య ఏడేళ్లు మట్టి నానబెట్టాడు. వద్దనడానికి నోరు తెరిచేలోపే పుష్పవల్లి ఆ అట్ట మీద బాల్‌పెన్నుతో 'పంకజమ్మకి' అని రాసేసింది. వీధంతటి ముందు భార్య ముఖం అంతగా వెలగడం అతను పెళ్లయ్యాక ఇదే మొదటిసారి చూడటం. నోరు మూసుకున్నాడు.

అప్పటి నుంచి చెంగయ్య రోజూ ఆరింటికల్లా మూడో ఇంటి గడప ముందు నిలబడి, బీపీ మాత్ర వేసుకుందా లేదా అని పంకజాన్ని అడిగి మరీ వస్తున్నాడు.