ప్రగతి చాల్లేదట!

ఆ రోజు పొద్దున కాఫీ వేళకే విషయం చెప్పెయ్యాలని కోడలు నిశ్చయించుకుంది. అత్తగారు మొదటి గుక్క తాగి "ఊఁ" అంటుంది చూడండి, ఆ ఒక్క క్షణంలోనే చెప్పెయ్యాలి. రెండో గుక్క నుంచి ఆవిడకు కాఫీలో వంకలు కనబడతాయి. ఇక ఆ పూటకు ఏ మాటా చెవికెక్కదు.

విషయం చిన్నదే, చెప్పడమే కొండంత. కోడలు కాలేజీలో విద్యార్థులకు ఆర్థిక సాయం ఇచ్చే విభాగంలో గుమాస్తా. అత్తగారు అదే కాలేజీలో, అదే సాయం మీద డిగ్రీ చదువుతున్న విద్యార్థిని. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా రిటైరవ్వగానే, పెళ్ళితో ఆగిపోయిన చదువును మళ్ళీ పట్టుకుంది. ఆ సాయానికి 'తగిన ప్రగతి' అని ఒక నిబంధన ఉంది. తీసుకున్న సబ్జెక్టుల్లో మూడింట రెండు వంతులైనా పాసవ్వాలి. మధ్యలో వదిలేసినవి కూడా తీసుకున్నట్టే లెక్క.

అత్తగారు తెలివిలేక వెనకబడలేదు. రాసినవన్నీ మంచి మార్కులతోనే పాసైంది. చిక్కంతా రాయనివాటితోనే. సబ్జెక్టులు ఎంచుకోవడం ఆవిడకు బట్టల కొట్లో బేరం లాంటిది. కనబడిన ప్రతి తానూ విప్పించి, వెలుతుర్లో పెట్టి చూసి, చివరికి ఒకటో రెండో ఉంచుకుని మిగతావి పక్కకు తోసేస్తుంది. ఖగోళశాస్త్రం మేష్టారు ఒక్క నక్షత్రమైనా చూపించకుండా బోర్డు నిండా లెక్కలు వేస్తున్నాడని దాన్ని తోసేసింది. తత్వశాస్త్రంలో ఎదురుగా కనబడుతున్న కుర్చీ ఉందో లేదో తేల్చడానికే రోజులు పట్టేసరికి దాన్నీ తోసేసింది. మొదటిసారి ఫోనుకు హెచ్చరిక వస్తే, లాటరీ మోసగాళ్ళ సందేశమనుకుని తుడిపేసింది.

ఈసారి హెచ్చరిక కాదు, ఏకంగా సాయమే ఆగిపోతుంది. బంధువుల ఫైళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి కోడలు అత్తగారి ఫైలును పై అధికారికి అప్పగించేసింది. మధ్యాహ్నానికల్లా ఫోనుకు నోటీసు వస్తుంది. ఫోను చెప్పేకన్నా ఇంటి మనిషి చెబితే నయం కదా అని ఆమె ఆరాటం.

"అత్తయ్యా, మీతో ఒక మాట..."

"పంచదార తక్కువైందనేగా? తెలుస్తూనే ఉంది. తాగుతున్నాలే."

"అది కాదండీ. కాలేజీ విషయం."

"కాలేజీలో నన్ను చూస్తే మొహం తిప్పుకుంటావు. ఇంట్లోనేమో కాలేజీ విషయమంటావు. ఇవాళ నాకు స్టాటిస్టిక్స్ పరీక్షమ్మాయ్. సూత్రాలన్నీ ఇప్పుడే తలలో సర్దుకున్నాయి. నన్ను కదిలించకు, ఒలికిపోతాయి."

కోడలు నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళి, భర్తను పెరటి వాకిట్లో పట్టుకుంది.

"ఏవండీ, మీరే చెప్పండి. కన్నకొడుకు చెబితే కోపం రాదు. పరీక్ష అయ్యాకే చెప్పండేం? కంగారు పడకుండా నెమ్మదిగా, వివరంగా."

"అలాగే" అన్నాడాయన.

ఆ "అలాగే" విన్నప్పుడే ఆమె జాగ్రత్తపడాల్సింది. ఆయనకు కళ్ళద్దాల కొట్టుంది. వచ్చినవాళ్ళకు అక్షరాలు చూపించి చదివించడం తప్ప తను పెదవి విప్పే పని లేని వ్యాపారం. మాటల్లో మహా పొదుపరి. ఆయన వాక్యంలో క్రియ ఉంటే కర్త ఉండడు, కర్త కనబడిన రోజున క్రియ సెలవులో ఉంటుంది.

కొట్టు తెరవగానే గిరాకీ ముసురుకుంటుందని, ఆయన ఆ పనేదో ముందే వదిలించుకుందామనుకున్నాడు. పరీక్ష అయ్యాక అన్న సంగతి అప్పటికే మరిచిపోయాడు. అత్తగారు బస్సులో ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మా, కాలేజీ సంగతి. ప్రగతి చాల్లేదట. డబ్బు ఆపేస్తారట. తను నీకు చెప్పలేక పొద్దుణ్ణుంచీ నలిగిపోతోంది. కంగారుపడకు. ఉంటా."

ఎవరి ప్రగతో, ఎవరి డబ్బో ఆయన చెప్పలేదు. అత్తగారికి అడగాల్సిన అవసరమూ కనబడలేదు. నలిగిపోతున్నది కోడలైతే ప్రగతి చాలనిది కూడా కోడలికే! ఆఫీసులో పని సరిగా సాగడం లేదని జీతం ఆపేస్తున్నారన్నమాట. పొద్దున పిల్ల ఏదో చెప్పబోతే పంచదార అంటూ నోరు నొక్కేసింది తనే. ఆవిడకు కళ్ళవెంట నీళ్ళు కారాయి. తలలో సర్దుకున్న సూత్రాలన్నీ ఆ నీళ్ళతోపాటే బస్సులో ఒలికిపోయాయి.

పరీక్ష హాలు ముందు తోటి విద్యార్థులంతా చివరి నిమిషం చదువుల్లో ఉన్నారు. అంతా ఆవిడ మనవల ఈడువాళ్ళు. ఆవిణ్ణి "సీనియర్ గారూ" అని పిలుస్తారు.

"సీనియర్ గారూ, ఏడుస్తున్నారేంటి? ప్రశ్నలు కష్టంగా ఉంటాయనా?"

"ప్రశ్నలు పోతే పోయాయర్రా. మా కోడల్ని తీసేస్తున్నారు!"

జీతం ఆపడం కాస్తా ఒక్క శ్వాసలో ఉద్యోగం తీసెయ్యడమైంది. అక్కడున్న వాళ్ళలో సగంమంది దరఖాస్తులను కోడలే దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దింది. మిగతా సగం మంది ఆ సాయం ఎప్పుడు వస్తుందంటూ రోజూ ఆమె కిటికీ దగ్గరే నిలబడతారు. ఆమె ఒక్కనాడూ విసుక్కోలేదు. అలాంటి మనిషిని తీసేస్తారా? పదండి, అడుగుదాం! పుస్తకాలు మూసేసి అందరూ కదిలారు. ఆ కదలికలో కోడలి మీద అభిమానం ఎంతో, స్టాటిస్టిక్స్ మీద భయం ఎంతో విడదీసి చెప్పడం స్టాటిస్టిక్స్‌కు కూడా సాధ్యం కాదు.

ఆఫీసులో కోడలు కంప్యూటర్ తెరిచిందో లేదో, బయట "అన్యాయం! అన్యాయం!" అని కేకలు వినబడ్డాయి. తలెత్తి చూస్తే గుంపుకు ముందు అత్తగారు. మా ఆయన అప్పుడే చెప్పేశారన్నమాట. ఈవిడ ఊరేగింపు కట్టుకుని నా మీదికి యుద్ధానికి వచ్చేసిందన్నమాట.

అధికారి కొత్తగా వచ్చినవాడు. నిబంధనల పుస్తకమంటే భక్తి, గుంపంటే భయం. కిటికీలోంచి చూసి, ఫైలు మీద ఫొటోను చూసి, మళ్ళీ కిటికీలోంచి చూశాడు.

"నోటీసు పంపకముందే అర్జీకి వచ్చేశారే! వెంట ఇంత జనమా! సరే, లోపలికి రానివ్వండి. మీరు మాత్రం పక్క గదిలోకి వెళ్ళండమ్మా. మీ బంధువు కేసు, మీరుండకూడదు."

పక్క గదికీ ఈ గదికీ మధ్య అడ్డం పలుచని చెక్క గోడ. దగ్గితే వినబడుతుంది. కోడలు అక్కడ ఊపిరి బిగబట్టి నిలబడింది.

అత్తగారు కుర్చీలో కూర్చున్న చప్పుడైంది. అధికారి గొంతు సవరించుకున్నాడు. అర్జీ పెట్టుకున్నవాళ్ళను రెండు ప్రశ్నలు అడగాలని పుస్తకంలో ఉంది.

"చెప్పండమ్మా. ఇలా వెనకబడటానికి కారణం ఏమిటి?"

"ఇల్లండీ, ఇల్లు! పొద్దున లేస్తే వంట, గిన్నెలు, బట్టలు. అవయ్యాక బస్సు పట్టుకుని ఇక్కడికి పరుగు. సాయంత్రం మళ్ళీ మొదలు. మనిషా, మరబొమ్మా? ఇంట్లో చాకిరీ అంతా ఒక్కళ్ళ నెత్తిన పడితే కాలేజీలో ప్రగతి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?"

"అయ్యో. ఇంట్లో ఇంకెవరూ చెయ్యి వెయ్యరా?"

"మా అబ్బాయి కొట్టు వదలడు. ఇంకో ఆడది ఉంది, ఏం లాభం? కాఫీకి వంకలు పెట్టడమే తప్ప పూచికపుల్ల ఇటుది అటు పెట్టదు."

అత్తగారు మాట్లాడుతున్నది ఎవరి గురించో గోడ వెనక కోడలికి అప్పటికి అర్థమైంది. అధికారికి ఏం అర్థమవుతోందో కూడా అర్థమైంది.

"ఆ మనిషినా?" అధికారి గొంతులో ఆశ్చర్యం. "నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ. చూడ్డానికి ఎంత నెమ్మదిగా ఉంటుంది!"

తనను ఆయన రోజూ చూస్తున్నాడనుకుని అత్తగారు కాస్త సిగ్గుపడింది. "ఇక్కడ అలా ఉంటుంది లెండి. ఇంట్లో నోరు విప్పితే గోడలకు సున్నం రాలుతుంది."

"ఎవర్నీ నమ్మడానికి లేదు" అన్నాడు అధికారి చెక్క గోడ వైపు తిరిగి, వినబడేటట్టే. "సరే, రెండో ప్రశ్న. ఇప్పుడు మారిందేమిటి?"

"ఆ ఆడదే మారింది. ఇవాళ్టి నుంచి వంటింట్లో సగం పని దానిది. పూచీ నాది."

"ఒప్పుకుంటుందా?"

"చచ్చినట్టు ఒప్పుకుంటుంది. తప్పు తెలిసొచ్చింది. బస్సులో కూర్చుని ఏడ్చింది కూడానూ." అత్తగారు కుర్చీ ముందుకు లాక్కుంది. "అయ్యా, ఇంత ఓపిక, ఇంత మంచితనం ఉన్న మనిషి మీ కాలేజీకి మళ్ళీ దొరకదు. బయట ఆ పిల్లలంతా ఏమంటున్నారో వినండి. ఎదురుగా ఎప్పుడూ అనలేదు గానీ, బంగారమండీ."

ఈవిడ తనను తాను పొగుడుకోవడం కాస్త మోతాదు మించిందని అధికారికి అనిపించకపోలేదు. కానీ బయట కేకలు గట్టిపడుతున్నాయి. ఆయన కలం మూత తీశాడు.

కోడలు మాత్రం గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. కాపురానికి వచ్చిననాటి నుంచి ఒక్కసారైనా వినబడితే బాగుండునని ఎదురుచూసిన మాట అది. ఇంకాసేపు అక్కడే నిలబడి వినాలనుంది. పైగా ఊరుకుంటే చాలు, సంతకం పడిపోతుంది, అత్తగారి చదువు నిలబడిపోతుంది. కానీ తప్పుడు కారణం మీద సంతకమైతే రేపు ఎవరైనా తిరగేసి చూసిననాడు ఆ చదువు మొదటికే పోతుంది. ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"సార్, సంతకం పెట్టకండి! అత్తయ్య చెబుతున్నది ఆవిడ గురించి కాదు, నా గురించి. నా ఉద్యోగం పోతోందనుకుంటున్నారు."

అధికారి కలాన్ని గాల్లోనే ఉంచి అడిగాడు.

"మరి ఆ పూచికపుల్ల కదపని ఆవిడ?"

"నేనేనండీ" అంది అత్తగారు, ఉన్న గొంతులో పావువంతుతో. వెంటనే కోడలి వైపు తిరిగింది. "నీ ఉద్యోగం పోవట్లేదా? అయితే ప్రగతి చాలనిది ఎవరికే?"

"మీకే అత్తయ్యా. సాయం ఆగేది మీకే."

"నాకా? రాసినవన్నీ పాసయ్యాను కదా!"

"వదిలేసినవి కూడా లెక్కలోకి వస్తాయండీ."

"ఇదెక్కడి న్యాయం? తాను విప్పించి చూసి వద్దంటే కొట్లో బిల్లు వేస్తారా?"

"ఇక్కడ పద్ధతి వేరమ్మా" అన్నాడు అధికారి జాలిగా. "ముందు చించుతాం, తర్వాతే చూపిస్తాం."

అత్తగారికి ఒక్కసారిగా రెండు దుఃఖాలు ముంచుకొచ్చాయి. సాయం పోతోంది, అదొకటి. కోడల్ని పరాయి మగవాడి ముందు బంగారమని పొగిడేసింది, అది రెండోది. రెండోదే ముందు మింగుడుపడలేదు.

"ఇందాక నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నా!"

"వెనక్కి తీసుకున్నా లెక్కలోంచి పోవత్తయ్యా" అంది కోడలు, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ. "రూలు."

అధికారి కోడల్ని మళ్ళీ పక్క గదిలోకి పంపి, కాగితాన్ని పక్కకు నెట్టి కొత్తది తీశాడు. "ఇప్పుడు మీ సంగతి చెప్పండి. ఇన్ని సబ్జెక్టులు ఎందుకు వదిలేశారు?"

అత్తగారు మేష్టార్ల మీద చెప్పబోయి ఆగింది. కాసేపు ఒళ్ళోని సంచీ కొసను మెలిపెట్టింది.

"ఉద్యోగమున్నన్నాళ్ళూ ఒకళ్ళ మాటలు ఇంకొకళ్ళకు కలపడమే నా పనండీ. ఎవరేం మాట్లాడుకున్నారో వినకూడదు. ఇక్కడికొస్తే ఎన్ని విషయాలు, ఎంతమంది చెప్పేవాళ్ళు! అన్నీ వినాలనిపించింది. ఏది వదులుకున్నా మళ్ళీ దొరకదేమోనని అన్నిటికీ పేరిచ్చేశాను. మొయ్యలేకపోయాను. ఆ మాట ఒప్పుకోలేక మేష్టార్లకు వంకలు పెట్టాను. ఆశండీ, అంతే."

అధికారి చాలాసేపు రాశాడు. రాసింది పైకి చదివాడు. ఈ టర్ములో రెండే సబ్జెక్టులు, రెండూ పాసవ్వాలి, అడక్కుండా ఒక్కటీ వదలకూడదు. ఆ మాట తప్పనంతకాలం సాయం ఆగదు.

"ఆ రెంటిలో మొదటిది స్టాటిస్టిక్స్. పరీక్ష ఎప్పుడమ్మా?"

అత్తగారు గడియారం వైపు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. అంతలో తలుపు తోసుకుని స్టాటిస్టిక్స్ లెక్చరర్ వచ్చాడు, చేతిలో విప్పని ప్రశ్నపత్రాల కట్టతో.

"సార్, హాల్లో నేనొక్కణ్ణే ఉన్నాను. క్లాసంతా మీ వరండాలో ఎందుకుంది?"

అధికారి కిటికీలోంచి కోడలి ఉద్యోగం ఎక్కడికీ పోవడం లేదని చెప్పగానే బయట గుంపు సంబరంగా చప్పట్లు కొట్టింది. లెక్చరర్‌ను చూసి ఆ చప్పట్లు సగంలో ఆగిపోయాయి. అధికారి బతిమాలగా బతిమాలగా ఆయన మర్నాడు పరీక్ష పెడతానన్నాడు, ప్రశ్నలు మాత్రం తన ఇష్టమన్నాడు.

ఆ సాయంత్రం కొడుకు కొట్టు కట్టేసి ఇంటికి రాగానే, అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి, "కాలేజీలో అమ్మ ప్రగతి చాల్లేదు. అమ్మకు డబ్బు ఆపేస్తారు" అని కర్తతో సహా చెప్పించింది. తడబడితే మళ్ళీ చెప్పించింది. తర్వాత గిన్నెలు తోమే పని చేతికిచ్చి, తను కోడలికి కాఫీ కలిపింది. పంచదార ఎక్కువైంది. కోడలు వంక పెట్టలేదు. వంటింటి గట్టు మీదే ఇద్దరూ పుస్తకం తెరిచి, ఒలికిపోయిన సూత్రాలను ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టుకున్నారు. మర్నాడు అత్తగారు పరీక్ష రాసింది, గట్టెక్కింది. క్లాసులో చాలామంది గట్టెక్కలేదు.

ఆ గట్టెక్కనివాళ్ళంతా, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే అర్జీ వింటారన్న సంగతి సీనియర్ గారి నోటే విని, కోడలి కిటికీ ముందు వరుస కట్టారు. ఈ ఒక్క మనిషి లేకపోతే విభాగం నడవదని క్లాసు క్లాసంతా వచ్చి కేకలేసి చెప్పిన సంగతి అధికారి కూడా మరిచిపోలేదు. కోడలి ఉద్యోగం ఎంత పదిలమైపోయిందంటే, ఆ టర్ము ముగిసేదాకా ఆమెకు ఒక్క సెలవు కూడా దొరకలేదు.