ప్రెసిడెంటు పక్కన ఇంకొకరు ఉండాల్సిందే!

ఇలా దగ్గరికి జరగండి, హీటరు పక్కన చోటుంది. ప్రెసిడెంటుని ఎన్నుకునేటప్పుడు ఆయన మొహం చూడకూడదు! పక్కన నిలబడిన వైస్ ప్రెసిడెంటుని చూడాలి!

నవ్వుతున్నారా? నేను చదివింది తక్కువే. కానీ ఏ ఎలక్షన్లో ఎవరేం చెప్పి ఓటు అడిగారో ఒక్కటీ మర్చిపోలేదు.

ఈ ఐర్లండుకి ప్రెసిడెంటు ఒక్కరేనట. జోడీగా నిలబడే రన్నింగ్ మేటే ఉండరట! పాపం, పని జరక్కపోతే వేలు ఎవరివైపు చూపిస్తారు? మా నేస్ ఊళ్ళో తెలుగు సంఘం ఆ పొరపాటు చెయ్యలేదు. అమెరికా వాళ్ళలాగా జోడీలుగా నిలబెట్టింది.

గుంటూరు లక్ష్మీనారాయణ పక్కన వరంగల్ చక్రధర్. అవతలి జోడీలో వరంగల్ ముందు, గుంటూరు వెనక. ఎటు చూసినా గోంగూరా ఉంది, సర్వపిండీ ఉంది. మరి ఎలా తూచాలి? నేను కారు చూసి తూచాను. చక్రధర్‌ది ఏడుగురు పట్టే బండి!

కారెందుకంటారా? శనివారం శనివారం సంఘం హాల్లో పెద్దవాళ్ళందరూ కలుస్తారు. వారమంతా గోడలతో మాట్లాడే నాకు మనుషులు కనపడేది అక్కడే. ఎస్టేట్ అంటారే, మా ఇళ్ళ కాలనీ, అక్కడినుంచి బస్సు లేదు. మా అమ్మాయికీ అల్లుడికీ శనివారాలూ డ్యూటీలే. పక్కింటి ఎస్తేరమ్మ కూతురు నర్సు, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటుంది.

"పిన్నిగారూ, ఓటు మాకే వెయ్యండి. ప్రతి శనివారం మన చక్రధర్ బండి మీ గుమ్మంలో ఉంటుంది," అన్నాడు లక్ష్మీనారాయణ.

"అమ్మమ్మా, మీరు పరేషాన్ గాకుండ్రి. నేనున్న గద!" అన్నాడు చక్రధర్.

గెలిచారు. శనివారం వచ్చింది. నేనూ ఎస్తేరమ్మా కోట్లు తొడుక్కుని, చేగోడీల డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాం. బండి రాలేదు. లక్ష్మీనారాయణకి ఫోన్ చేశాను.

"అది వైస్ ప్రెసిడెంటు చూసుకుంటారండీ, పిన్నిగారూ!"

చక్రధర్‌కి చేశాను. "ప్రెసిడెంటు సారు ఇంకా చెప్పలే గద, అమ్మమ్మా!"

చూశారా, ఎంత మర్యాద! ఒక్కడే ఉంటే రానని మొహం మీదే చెప్పాల్సి వచ్చేది. ఇద్దరుండబట్టి ఎవరి నోటా లేదన్న మాట రాలేదు. రన్నింగ్ మేట్ వరం కాక మరేమిటి?

తర్వాతి శనివారమూ అంతే.

"వదినా, ఈ కోటు ఇప్పేదా, ఉంచేదా?" అంది ఎస్తేరమ్మ.

"యూ ఆర్ గ్రాండ్ హియర్, అమ్మమ్మా!" అంది మనవరాలు శ్రీలేఖ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. బాగానే ఉందనడానికి ఇక్కడ గ్రాండ్ అంటారు; ఈ పిల్లలకి అన్నీ గ్రాండే. చేగోడీలు కిటికీ దగ్గరే తినేశాం.

అందుకే వచ్చేసారి ప్రెసిడెంటుగా నేనే నిలబడుతున్నాను! రన్నింగ్ మేట్ ఎస్తేరమ్మ. ఒకరి వైపు ఒకరం వేలు చూపించుకోవడం మాకు చేతకాదు. ఇద్దరి చేతుల్లోనూ చేగోడీల డబ్బాలుంటాయి.

ఒక్కటే చిక్కు. నామినేషన్ ఇవ్వడానికి అభ్యర్థులు స్వయంగా హాలుకి రావాలట.

కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. కారున్నవాళ్ళకి రెండుసార్లు చెప్పండి. మేం కోట్లు విప్పలేదని కూడా చెప్పండి.