సోలో ఎవరిది?

ఐజాక్ మాస్టారు ఆ ఉదయం చేయదలచుకున్న పని ఒక్కటే. ఇంటి యజమాని చిక్కమునియప్ప ప్రసన్నంగా ఉన్న వేళ చూసి, వెనకవైపు రెండు గదులూ అద్దెకు అడగాలి. వచ్చే నెలలో గ్రేస్‌తో పెళ్ళి. ఇప్పుడున్న గదిలో ఐజాకూ, అతని గిటారూ పట్టడమే కష్టం. ఇల్లు చూసుకోకపోతే పిల్లను పంపేది లేదని కాబోయే మామగారు తెగేసి చెప్పారు.

అంతలో తోటి మాస్టారు పౌలు ఊడిపడ్డాడు. ఇద్దరిదీ నెల్లూరే. బెంగుళూరు పక్కన కాడుగోడి బడికి కొత్తగా వచ్చారు. కలిస్తే చాలు, గిటారు గొడవే!

"కంటోన్మెంటు డాన్సుహాల్లో రాకెన్‌రోల్ సోలో విన్నావా? దాన్ని మించింది లేదు!" అన్నాడు పౌలు.

"ఛ, అదేం సోలో! రేకులమీద వడగళ్ళవాన. రేడియోలో హవాయి గిటారు విను, కన్నీళ్ళొస్తాయి. అసలైన సోలో చూడాలంటే రేపు మా చిక్కమునియప్పగారి సభకు రా!"

చిక్కమునియప్ప పంచాయితీ ఎలక్షన్‌లో నిలబడ్డాడు. గోడవతల పళ్ళు తోముకుంటూ ఇదంతా విన్నాడు. ఆయనది పాతకాలపు బెంగుళూరు తెలుగు, అందులో సగం కన్నడం. కన్నడంలో సోలు అంటే ఓటమి. నెల్లూరు పంతుళ్ళకు ఆ సంగతి తెలియదు, పాపం!

వేపపుల్లతోనే వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా మేష్ట్రూ, నా ఇంట్లో ఉండి నాకే సోలా?"

ఐజాక్ ముఖం వెలిగిపోయింది. "విన్నారా! మీకోసమేనండీ. సభలో నేనే స్వయంగా ఇస్తాను."

"ఊరంతా చూసేట్టా?"

"చూడాలండీ! ఇంత గొప్ప సోలో కాడుగోడిలో ఇంతవరకూ ఎవరూ చూసుండరు!"

"ఈ పొద్దే రూము ఖాళీ చెయ్!"

ఏం తప్పన్నాడో ఐజాక్‌కు తెలియదు, పెళ్ళి మాత్రం చేజారుతోంది. నిజంగానే ఏడుపొచ్చింది.

లోపలినుంచి చిక్కమునియప్ప భార్య నంజమ్మ వచ్చింది. "రవ్వంత ఆగు. అది వాయిస్తే సోలే అయితే, పోయి ఆ ఆవులప్ప సభలో వాయించమను!"

ఆవులప్ప ఎలక్షన్‌లో ప్రత్యర్థి. చిక్కమునియప్ప కోపం ఇట్టే దిగిపోయింది. "ఆవులప్పకు సోలో ఇయ్యప్పా. రెండు రూములూ నీవే!"

తలాతోకా అర్థం కాకపోయినా ఐజాక్ వెళ్ళాడు. ఊరికే కచేరీ వస్తుంటే ఎవడు కాదంటాడు? ఆవులప్ప సంబరంగా స్టేజీ ఎక్కించాడు. ఐజాక్ ఒక కీర్తన, ఒక సినిమాపాట, ఆపైన పౌలు పోరుపడలేక రాకెన్‌రోల్ కూడా వాయించాడు. జనం "ఇంకోటి! ఇంకోటి!" అని కదలనివ్వలేదు. మెడలో దండతో ఆవులప్ప మైకు కోసం చెయ్యి చాచి చాచి, విసిగి కూర్చున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎలక్షన్‌లో చిత్తుగా ఓడిపోయాడు.

బడిలో పిల్లలెవరో సోలు అంటే ఏమిటో చెబితే ఐజాక్ హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, సోలో అంటే ఓడిపోవడం కాదండీ, ఒక్కడే వాయించడం!"

"సరిపోయె! ఒకడు వాయించినాడు, ఒకడు ఓడినాడు. నేను చెప్పిందీ అదేగదప్పా!" అంటూ గెలిచిన చిక్కమునియప్ప తాళాలు చేతిలో పెట్టాడు. "అయితే దాన్ని నా ఇంట్లో పెట్టొద్దు. మళ్ళా ఎలక్షన్ వస్తాది."

పెళ్ళయ్యాక గ్రేస్ కాపురానికి వచ్చింది. గిటారు అత్తవారింటికి వెళ్ళింది.