ఉద్దనపల్లిలో దొరికిన ఒకే ఒక ఆకలి

ప్రపంచంలోని ఆకలినీ పేదరికాన్నీ అంతం చేసే బాధ్యత ఇకమీదట యువతదేనని పెద్దలు తీర్మానించారు. (ఇన్నాళ్లూ ఆ పని తమ చేతిలోనే ఉన్నా, దాన్ని వదులుకోవడంలో వాళ్లు ఎలాంటి స్వార్థమూ చూపలేదు.) వసూలు కాని పాత బాకీని కొడుకు పేరుకు మార్చిన తండ్రిలాగా ప్రపంచం ఆ రోజు నిశ్చింతగా నిద్రపోయింది. తీర్మానం మాత్రం నిద్రపోక, ఊరూరా తిరిగి, చివరికి ఒక యాప్ రూపంలో ఉద్దనపల్లికి చేరింది.

ఉద్దనపల్లిలో టమాటా మండి నడిపే కేశవప్పకు ప్రపంచ ఆకలితో పేచీ ఏమీ లేదు. ఆయన పేచీ టమాటాతో. ఆ వారం ధర ఎంతగా పడిపోయిందంటే, పండ్ల కంటే వాటిని మోసే ప్లాస్టిక్ క్రేటుకే విలువ ఎక్కువ. హోసూరుకు పంపితే లారీ బాడుగ చేతి నుంచి పడుతుంది. పంపకపోతే మరునాటికి నీరుకారిపోతుంది. మండి వెనుక ఒక లారీ సరుకు ఎర్రగా, నవనవలాడుతూ, ఎవరికీ అక్కరలేకుండా ఉంది. లాభం మాట ఆయన ఎప్పుడో కొట్టేశాడు. మర్యాద చెడకుండా ఆ సరుకును వదిలించుకోవడమొక్కటే మిగిలింది.

ధర లేనప్పుడు టమాటాను రాయకోట రోడ్డు పక్కన పారబోయడం ఆ చుట్టుపక్కల పాత అలవాటు. ఆకలి అంతం యువ సమితి, కృష్ణగిరి శాఖ, దాన్ని నిషేధించింది. సమితి జరిమానా వేయదు. పారబోసినవాణ్ని ఆ కుప్ప ముందు నిలబెట్టి, చెయ్యి చాపించి, ఆహారాన్ని ఇక అవమానించనని ప్రతిజ్ఞ చేయించి, ఆ ఫోటోను జిల్లాలోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపుతుంది. పోయిన వారం సుబ్బరాయప్ప అనే వ్యాపారికి ఈ గౌరవం జరిగింది. కావేరిపట్టణం దాకా ఎవరు ఎదురైనా ఆయనకు నమస్కారం బదులు చెయ్యి చాపుతున్నారు. జరిమానా అయితే ఖర్చులో రాసుకోవచ్చు. దీన్ని ఎందులో రాయాలో తెలియక ఆయన బజారుకు రావడమే మానుకున్నాడు.

పోనీ, ఊరికే పంచిపెడదామంటే అదీ నేరమే. ఆకలి నమోదు కానివాళ్లకు ఇస్తే 'అనధికార దానం'. పశువులకు వేస్తే 'మానవాహార దుర్వినియోగం'. దారి ఒక్కటే: ఆకలిగొన్న లబ్ధిదారు ఒక్కరైనా యాప్‌లోకి ఎక్కితే, ఆ పేరు మీద సరుకంతా దానం కింద చెల్లిపోతుంది. ఎక్కించే అధికారం ఆకలి దూతలది. దూత కావాలంటే వయసు పాతిక దాటకూడదు, ఫోన్‌లో చార్జింగ్ సగానికి తగ్గకూడదు.

కేశవప్ప చెల్లెలి కూతురు తనూజ కృష్ణగిరిలో డిగ్రీ చదువుతూ, మిగిలిన వేళల్లో ఆకలి దూతగా ఉంది. హోసూరులో ఒక పెద్ద హోటల్లో శిక్షణ కూడా పొందింది. (ఆకలి అంటే ఏమిటో అక్కడ భోజనానికి ముందూ తర్వాతా వివరించారు.)

"సాయంత్రం లోపల ఒక్కర్ని పట్టుకో తల్లీ," అన్నాడు కేశవప్ప. "ఇంత పెద్ద ఊర్లో ఆకలి యాడా దొరకదా?"

"నిన్న పొద్దున్నించి తిరుగుతా ఉండాను మామా. ఒక్కరూ దొరకలే."

"ఏమని అడిగినావు?"

"యాప్‌లో ఉండేదే అడిగినాను. మాట మార్చకూడదంట. 'అన్నం అయ్యిందా?' అని."

కేశవప్ప తల పట్టుకున్నాడు. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఏ నగరంలో ఉన్నారో గానీ, హోసూరు సీమలో అది ప్రశ్న కాదు, పలకరింపు. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ అడుగుతారు. మూడింటిలోనూ జవాబు ఒకటే, అయ్యిందని. కాలేదంటే అడిగినవాడి నెత్తిన ఒక పూట భోజనం అప్పు రాసినట్టు. పరువున్నవాడెవడూ దారిన పోయేవాడి మీద అలా పద్దు రాయడు. ఈ సీమలో ఆకలితో ఉన్నవాడు తిన్నవాడి కంటే గట్టిగా 'అయ్యింది' అంటాడు.

నమ్మకం కుదరక కేశవప్ప తన ఎదుటే ఒకసారి అడిగించాడు. తోట పని నుంచి వస్తున్న పుట్టమ్మ మండి ముందుకు వచ్చింది.

"అన్నం అయ్యిందా అత్తా?" అంది తనూజ.

"అయ్యింది కన్నా. నీకు?"

"అయ్యిందత్తా."

(ఇద్దరికీ కాలేదు.)

ఫోన్ ఆకుపచ్చగా వెలిగి, ఉద్దనపల్లిలో ఆకలి సున్నా అని మరోమారు ధ్రువీకరించింది.

మధ్యాహ్నానికి హోసూరు నుంచి మోహన్‌రాజ్ కారులో దిగాడు. ఆయన సమితివారి ఆకలి సమన్వయ అధికారి. ముఖం వాడిపోయి ఉంది.

"జిల్లా అంతా ఇదే కథ," అన్నాడు. "అందరూ తినేసినారంట. లేని ఆకలిని ఎట్లా అంతం చేసేది, చెప్పప్పా? పైనోళ్లకు ఏమని రాసేది?"

"నన్ను రాసుకో సార్," అన్నాడు కేశవప్ప. "నాకు పొద్దున్నించి ఆకలే."

మోహన్‌రాజ్ ఆశగా ఫోన్ ఎత్తాడు. యాప్ కేశవప్పను తల నుంచి మెల్లగా కిందికి చూసుకుంటూ వచ్చి, పొట్ట దగ్గర ఆగి, 'దయచేసి లబ్ధిదారును చూపండి' అంది.

అప్పుడే పిల్లప్ప ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ, తన ఆవును తోలుకుంటూ అటు వచ్చాడు. పిల్లప్పకు మూడు నెలల కిందటి వరకు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఇప్పుడు కెంపి అనే ఆ ఆవే పని. కెంపికి టమాటా వాసన తగిలి, గేటు దగ్గర మొరాయించింది.

"అన్నం అయ్యిందా పిల్లన్నా?" అంది తనూజ.

"అయ్యిందమ్మా," అన్నాడు పిల్లప్ప. ఆ మాట వెంటనే ఆయన కడుపు ఇంకో మాట చెప్పింది. దాన్ని నమోదు చేసే వీలు యాప్‌లో లేదు.

తనూజ ఫోన్ ఇంకా చాచి ఉండగానే కెంపి తల దూర్చి తెర మీద ఊపిరి వదిలింది. యాప్ తర్వాతి మనిషి వచ్చాడనుకుని ఈసారి తానే అడిగింది. కెంపి 'అయ్యింది' అనలేదు. ఆ ఊళ్లో అలా అననిది అదొక్కటే. యాప్ కాసేపు ఓర్పుగా చూసి ఎర్రబడింది. 'జవాబు చెప్పే శక్తి లేదు. తీవ్ర ఆకలి.'

మోహన్‌రాజ్ గబగబా 'నమోదు' నొక్కాడు. పన్నెండు అంకెల గుర్తింపు సంఖ్య ఇవ్వమని యాప్ అడిగింది.

"పోయింది," అన్నాడాయన.

కేశవప్ప సరుకును కొనేటప్పుడు చూసే చూపుతో ఆవును ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "పోలే సార్. ఆ చెవి చూడండి."

పశువుల డాక్టరు వేసిన పసుపుపచ్చ బిళ్ల మీద పన్నెండు అంకెలూ ఉన్నాయి. తనూజ కొట్టింది. యాప్ కళ్లు మూసుకుని తీసుకుంది. వయసు నాలుగు అనగానే 'యువ లబ్ధిదారు' అని మెచ్చుకుని ఒక నక్షత్రం వేసింది. వృత్తి దగ్గర తనూజ ఆగితే, మోహన్‌రాజ్ గొంతు సవరించుకుని, "స్వయం ఉపాధి. పాల వ్యాపారం," అని చెప్పాడు.

"మనిషి కాదు కదా సార్," అంది తనూజ.

ఆయన నిబంధనలన్నీ చదివాడు. లబ్ధిదారు మనిషై ఉండాలని ఎక్కడా లేదు. (రాసినవాళ్లకు ఆ అనుమానం వచ్చి ఉండదు.)

కెంపి ఒక క్రేటు నిండా తిని, రెండో దాన్ని వాసన చూసి, మొహం తిప్పుకుంది. తినకముందు ఫోటో, తిన్న తర్వాత ఫోటో ఎక్కాయి. తెర మీద టపాసులు పేలాయి. నమోదైన ఆకలి ఒకటి, అంతమైన ఆకలి ఒకటి. నూటికి నూరు సాధించిన మొదటి జిల్లా కృష్ణగిరి. చెన్నైలో జరిగే యువజన సభలో తన అనుభవం చెప్పమని కెంపికి ఆహ్వానం వెంటనే వచ్చింది, రానుపోను ఖర్చులతో.

కేశవప్పకు మహాదాత బిరుదు ఇచ్చి, సుబ్బరాయప్ప ఫోటో వెళ్లిన గ్రూపులకే ఆయన ఫోటో కూడా పంపారు. లారీ సరుకు నష్టానికి ఇంత పేరు వస్తే బేరం చెడ్డది కాదని ఆయనకు తోచింది. కుప్పగా మిగిలిన క్రేటులు చూసి మాత్రం కాస్త ఇబ్బంది పడ్డాడు. అవన్నీ ఇప్పుడు కెంపి పేరు మీద ఉన్నాయి. ఇంకొకరు ముట్టకూడదు.

పిల్లప్ప తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. "సార్, ఇంట్లో గొజ్జుకు నాలుగు పండ్లు తీసుకుపోదునా?"

"నీకు అన్నం అయ్యిందని రాసుకున్నాము కదప్పా," అన్నాడు మోహన్‌రాజ్, నొచ్చుకుంటూ. "ఇప్పుడు మారిస్తే జిల్లా అంతా మార్చాల."

పిల్లప్ప కెంపి వైపు చూశాడు. "నాకు కాదులే సార్. కెంపికి, రాత్రికి."

"అదైతే తీసుకుపో. ఎంత తింటాది?"

"నలుగురు తినేంత తింటాది సార్. సంగటిలోకి గొజ్జు చేసి పెడితే ఇంకొంచెం తింటాది."

కేశవప్ప బాగా గట్టిగా ఉన్న పండ్ల క్రేటులు రెండు ఏరి ఆయన సైకిలుకు కట్టించాడు. అవి కదిలే ముందు మోహన్‌రాజ్ యాప్‌లో చివరి వివరం నింపాడు: లబ్ధిదారు ఇంట్లో ఇంకా నలుగురు ఉన్నారు, వాళ్లలో ఎవరికీ ఆకలి లేదు.